సర్కారు భూమి ఎవరిది?

మన వసతి గృహం వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సార్ ఫోన్ చేసినప్పుడు ముందు ఒక కవిత రాద్దామనుకున్నాను. అమ్మ మీద, చదువు మీద కవితలు ప్రతి సంచికలోనూ వస్తూనే ఉన్నాయి. నేను ఎం.ఎ. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌లో చదువుకున్న ఒక విషయాన్ని పాఠంలాగా రాస్తే తమ్ముళ్లకు పనికి వస్తుందని, ఇళ్లు వాకిళ్లు చూసుకుంటున్న పాత విద్యార్థులకు ఇంకా ఎక్కువ పనికి వస్తుందని తోచింది. ఆ విషయం ప్రభుత్వ భూమి.

మన హాస్టల్ వంటగది వెనక, చేతులు కడుక్కునే కుళాయిలు దాటినాక ఒక రాయి ఉంది. మోకాలెత్తు ఉంటుంది, తల మీద గీతలు చెక్కి ఉంటాయి. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా నేను ఆ రాయి మీద పళ్లెం పెట్టుకుని అన్నం తిన్నాను. ఇప్పటి తమ్ముళ్లు దాని మీద బట్టలు ఉతుకుతున్నారని విన్నాను. అది సర్వే రాయి. దానికి ఇవతల ఉన్నది రెవిన్యూ శాఖ సాంఘిక సంక్షేమ శాఖకు అప్పగించిన స్థలం. అవతల ఉన్నది వంక పోరంబోకు. రెండూ సర్కారువే. కానీ ఇవతల హాస్టల్ కట్టవచ్చు, అవతల కట్టకూడదు. ఒకే యజమాని అయినప్పుడు ఈ తేడా ఎందుకు వచ్చింది? ఈ వ్యాసమంతా ఆ ప్రశ్నకు జవాబే అనుకోండి.

సర్కారు భూమి ఎవరిదని మన ఊళ్లల్లో అడిగితే మూడు రకాల జవాబులు వస్తాయి. ఎవరిదీ కాదు, ముందు కంచె వేసినోడిది అని కొందరంటారు. ప్రభుత్వానిది, దాని ఇష్టం అని కొందరంటారు. మనందరిదీ అని సభల్లో చెప్తారు. చట్టం పుస్తకం తెరిచి చూస్తే ఈ మూడూ సరిగ్గా సరిపోవు.

1905 నాటి చట్టం ఏమంటుంది?

కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్న కాలంలో, 1905లో భూ ఆక్రమణ చట్టం వచ్చింది. బళ్లలో మనం చదువుకున్న థామస్ మన్రో 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల కలెక్టరుగా ఉండి రైతువారీ పద్ధతిని స్థిరపరిచాడు. ప్రతి రైతు పేరా పట్టా రాసినాక మిగిలిన భూమి మాటేమిటి అన్నదానికి జవాబు ఈ 1905 చట్టం రెండవ సెక్షన్‌లో ఉంది. బాటలు, వీధులు, వంతెనలు, నదులు, వాగులు, చెరువులు, కాలువలు, ప్రైవేటు వ్యక్తులకు చెందని భూములన్నీ ప్రభుత్వ ఆస్తి అని అది ప్రకటించింది. తెలంగాణ జిల్లాలలో ఇదే పని నైజాం కాలపు 1317 ఫసలీ భూమి శిస్తు చట్టం 24వ సెక్షన్ చేసింది.

ఇంతవరకు అందరికీ తెలుసు. క్లాసులో మా సార్ ఆ సెక్షన్‌ను చివరి వరకు చదవమన్నాడు. చివర ఏముందంటే, ఈ ఆస్తి హక్కు ఎల్లప్పుడూ దారి హక్కులకు, ఇతర ప్రజా హక్కులకు, ఆచారంగా వస్తున్న హక్కులకు లోబడి ఉంటుందని ఉంది. అంటే సర్కారును యజమాని అన్న వాక్యంలోనే దాని చేతులు కొంతమేర కట్టేశారు. గొర్రెలు చెరువుకు దిగే దారి, శవాన్ని మోసుకుపోయే బాట, ఊరుమ్మడి మేత ఇవన్నీ ఆ యజమానికంటే ముందు నుంచి ఉన్నవి. తెల్లదొరలు రాసిన చట్టమే ఇంత ఒప్పుకుందని చదివినప్పుడు నాకు ఆశ్చర్యమేసింది. మన ఊళ్లల్లో ఎక్కువమంది ఆ వాక్యం మొదటి సగమే విని ఉంటారు.

ఆ చట్టంలోనే మరొకటి గుర్తు పెట్టుకోవాలి. సర్కారు భూమిలో ఉన్నవాణ్ణి లేపాలంటే ముందు 7వ సెక్షన్ కింద నోటీసు ఇచ్చి, నువ్వు చెప్పుకునేది ఏముందని అడగాలి. నోటీసు లేకుండా జె.సి.బి. రాకూడదు. ఆ భూమి నాదేనని ఎవరైనా నిజమైన ఆధారంతో వాదిస్తుంటే ఈ చట్టం కింద అప్పటికప్పుడు ఖాళీ చేయించకూడదని, సివిల్ కోర్టులో తేల్చుకోవాలని సుప్రీంకోర్టు 1982లో ఉస్మానియా విశ్వవిద్యాలయం భూమికి సంబంధించిన కేసులో చెప్పింది.

పోరంబోకు వేరు, బంజరు వేరు

మన వాళ్లు సర్కారు భూమి అంతటినీ పోరంబోకు అనేస్తారు. పని లేకుండా తిరిగేవాణ్ణి కూడా పోరంబోకు అని తిడతారు. నిజానికి ఊళ్లో అన్నిటికంటే ఎక్కువ పనికి వచ్చేది పోరంబోకే. శిస్తు కట్టించకుండా అందరి అవసరానికి విడిచిపెట్టిన భూమి అది. చెరువు పోరంబోకు, వంక పోరంబోకు, బాట పోరంబోకు, శ్మశాన పోరంబోకు, మేత పోరంబోకు అని దేనికి విడిచారో ఆ పేరే పెట్టారు. దీనిని మామూలుగా ఎవరికీ పట్టాగా ఇవ్వకూడదు. పేదవాడికైనా సరే, చెరువు కడుపులో పట్టా ఇస్తే వాన పడిన ఏడాది వాడూ మునుగుతాడు, కింద ఆయకట్టూ ఎండుతుంది.

బంజరు అంటే సాగు చేస్తే చేయదగ్గది, కానీ ఎవరి పేరా లేనిది. మన సీమ రికార్డులలో అనాధీనం, గయాళు అని కూడా కనిపిస్తుంది. తెలంగాణలో సర్కారీ, బంచరాయి, ఖారిజ్ ఖాతా అంటారు. భూమిలేని పేదలకు పంచేది ఈ బంజరునే. పంచే పద్ధతి బోర్డు స్టాండింగ్ ఆర్డర్లలో 15వ ఉత్తర్వులో ఉంది. దానికోసం పెట్టుకునే అర్జీని దరఖాస్తు అంటారు గనుక, వచ్చే పట్టాకు రాయలసీమలో డి.కె.టి. పట్టా అని పేరు. కోస్తాలో డి-పట్టా అంటారు, తెలంగాణలో లావణి పట్టా అంటారు. ఇంగ్లీషు చదువుకున్నవాళ్లు అసైన్డ్ భూమి అంటారు. పేర్లు వేరైనా మనలాంటి ఇళ్లల్లో ఇనప పెట్టె అడుగున ఉండే కాగితం ఇదే.

ఇక్కడ ఒక తేదీ చెప్పాలి. ఆంధ్ర ప్రాంతంలో 1954 జూన్ 18న వచ్చిన జి.ఓ. 1142తో, తెలంగాణ ప్రాంతంలో 1958 జూలై 25న వచ్చిన జి.ఓ. 1406తో ఈ పట్టాలలో ఒక షరతు చేరింది. వారసత్వంగా అనుభవించవచ్చు, అమ్మకూడదు. అంతకు ముందు ఇచ్చిన పట్టాలో ఈ షరతు రాసి లేకపోతే అది మామూలు పట్టా భూమిలాంటిదే. ఎవరైనా మీ ముత్తాత నాటి భూమిని కూడా అసైన్డ్ అంటుంటే మొదట చూడవలసింది పట్టా తేదీ.

మా తాత పట్టా

1975లో ఇందిరాగాంధీ ఇరవై సూత్రాల కార్యక్రమం ప్రకటించాక భూముల పంపిణీ జోరుగా సాగింది. మా తాతకు 1976లో ఊరి దక్షిణాన గుట్ట కింద 1 ఎకరా 40 సెంట్ల డి.కె.టి. పట్టా వచ్చింది. రాళ్లు, బలుసు పొదలు తప్ప అక్కడ ఏమీ లేదట. తాత, అవ్వ మూడేళ్లు రాళ్లేరి గట్లు పోశారు. వేరుశనగ, అందులో అంతర పంటగా కంది వేసేవారు. పేదవాడికి ఇచ్చే సర్కారు భూమి దాదాపు ఎప్పుడూ ఇలాంటిదే, రాళ్లేరే పని కూడా పట్టాతో పాటే వస్తుంది.

ఆ మరుసటి ఏడాది ఒక చట్టం వచ్చింది. 1977 నాటి 9వ చట్టం, అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం. తమ్ముళ్లు దీన్ని కాస్త జాగ్రత్తగా చదవాలి.

ఈ చట్టం 3వ సెక్షన్ ప్రకారం అసైన్డ్ భూమిని అమ్మినా, గిఫ్టు ఇచ్చినా, కౌలుకిచ్చినా ఆ బదిలీ చెల్లదు. రిజిస్టరు చేయకూడదు. స్టాంపు కాగితం మీద రాసినా, తెల్లకాగితం మీద రాసినా, పెద్దమనుషులు సాక్షి సంతకాలు పెట్టినా చెల్లదు. బ్యాంకుకో, సహకార సంఘానికో కుదువ పెట్టి అప్పు తెచ్చుకోవడానికి మాత్రం అడ్డం లేదు. చట్టం రాకముందే తెలియక కొనుక్కున్న భూమిలేని పేదకు మినహాయింపు ఉంది. భూమిలేని పేద అంటే చట్టం లెక్కలో రెండున్నర ఎకరాల మాగాణి లేదా అయిదెకరాల మెట్ట కంటే ఎక్కువ లేకుండా, వేరే జీవనాధారం లేనివాడు.

4వ సెక్షన్ ఇంకా ముఖ్యం. కొన్నవాడికి నోటీసు ఇచ్చి, విచారించి, ఖాళీ చేయించి భూమిని అసలు పట్టాదారుకో అతని వారసులకో తిరిగి అప్పగించాలి. అయితే ఒక్కసారే. తిరిగి వచ్చిన భూమిని మళ్లీ అమ్మితే సర్కారు తీసేసుకుని మరొక పేదకు ఇస్తుంది.

ఈ చట్టం ఉందని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. 2002 కరువుకు చెరువులు ఎండిపోయాయి. వేసిన వేరుశనగ విత్తనం కూడా తిరిగి రాలేదు. అంతలో అవ్వకు కడుపులో గడ్డని ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. 2003లో, నాకు ఏడాది నిండక ముందే, నాయన ఆ చేనును పక్క ఊరి ఆసామికి 22 వేలకు ఇచ్చేశాడు. స్టాంపు కాగితం రాశారు. అవ్వ తరువాత పదకొండేళ్లు బతికింది గనుక ఆ డబ్బు వృథా పోయిందని నేను అనలేను. ఆ ఆసామి చేనులో బోరు వేసి మామిడి పెట్టాడు. ఆ మామిడి గుంతలు తవ్వడానికి నాయన కూలికి పోయాడు. తరువాత బెంగుళూరుకు పోయి బేల్దారి పనిలో చేరాడు. నేను ఈ హాస్టల్‌కు వచ్చాను.

మూడేళ్ల కిందట ఈ పాఠం క్లాసులో విన్న సాయంత్రమే నాయనకు ఫోన్ చేసి చెప్పాను. నాయన సంతోషపడతాడనుకున్నాను. "డబ్బు తీసుకున్యాం గదా నాయనా. ఆపొద్దు ఎవురూ ఇయ్యకుంటే ఆయప్పే ఇచ్చినాడు. ఇప్పుడు సట్టమని పోతే మాట తప్పినట్లు గాదా?" అన్నాడు. దానికి నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. ఇప్పటికీ పూర్తిగా లేదు. చట్టం చేసినవాళ్లు ఆలోచించింది నాయనలాంటి నిజాయితీపరుడి గురించి కాదేమో, నాయనకు వచ్చినటువంటి కష్టం గురించి అనుకుంటాను. ఆకలి రోజున పేదవాడు పెట్టే సంతకాన్ని చట్టం సంతకంగా లెక్కపెట్టనంది. మాట తప్పిన నింద నాయన మీద పడకుండా, అమ్మకం చెల్లదన్నది చట్టమే అని నాకు నేను చెప్పుకున్నాను. నాయనకు మాత్రం అది లాయరు మాటలాగే వినపడింది.

ప్రభుత్వం తీసుకుంటే పరిహారం ఉందా?

డి.కె.టి. పట్టా మీద ఇంకొక షరతు ఉంటుంది. ప్రజావసరానికి కావలసి వస్తే ప్రభుత్వం పరిహారం లేకుండా తిరిగి తీసుకోవచ్చని. చాలా ఏళ్లు అలాగే తీసుకున్నారు. రోడ్డు వస్తే, ఫ్యాక్టరీ వస్తే పక్కనున్న పట్టా రైతుకు ధర కట్టి ఇచ్చి, అసైన్డ్ రైతును ఇది మాదే కదా అని పంపేవారు. 1993లో జి.ఓ. 1307 ఎక్స్‌గ్రేషియా ఇమ్మంది. ఎక్స్‌గ్రేషియా అంటే దయతో ఇచ్చేది. చేవెళ్ల డివిజన్ నుంచి వెళ్లిన ఒక కేసులో ఏడుగురు న్యాయమూర్తుల హైకోర్టు ధర్మాసనం 2004 మార్చిలో ఆ దయ సరిపోదంది. పరిహారం ఇవ్వమన్న షరతు రాజ్యాంగానికి విరుద్ధమని, అసైన్డ్ రైతుకు కూడా పూర్తి హక్కున్న పట్టాదారుతో సమానంగా పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది. 2013 భూసేకరణ చట్టం అయితే భూ యజమాని నిర్వచనంలోనే అసైన్డ్ భూములవారిని చేర్చింది. మీ ఊరి మీదుగా హైవే వస్తుంటే, అసైన్డ్ భూమికి ఏమీ రాదని ఎవరైనా చెప్తే నమ్మకండి. రాతపూర్వకంగా ఇమ్మని అడగండి.

యజమానా, కాపలాదారా?

ఇప్పటిదాకా పేదవాడి చేతిలో ఉన్న సర్కారు భూమి సంగతి చెప్పాను. సర్కారు తన చేతిలోనే ఉంచుకున్న భూమిని ఇష్టం వచ్చినట్లు ఇవ్వవచ్చా అన్నది రెండవ సంగతి. దీని మీద మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసులే దేశమంతా పాఠాలయ్యాయి.

విశాఖ మన్యంలో అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో గనుల లీజుల మీద సమత అనే సంస్థ కోర్టుకు వెళ్లింది. ఏజెన్సీలో గిరిజనుల భూమిని గిరిజనేతర వ్యక్తికి బదిలీ చేయకూడదని 1/70 చట్టం చెప్తుంది. మరి ప్రభుత్వ భూమిని ప్రభుత్వమే కంపెనీకి లీజుకిస్తే? 1997 జూలై 11న సుప్రీంకోర్టు, ఆ చట్టంలోని వ్యక్తి అనే మాటలో ప్రభుత్వం కూడా వస్తుందని, షెడ్యూల్డ్ ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు లీజుకివ్వకూడదని చెప్పింది. సర్కారు కూడా చట్టం ముందు ఒక మనిషే అన్నమాట.

రెండవది తిరుపతి పక్కనే. అవిలాల చెరువు భూమిని గృహనిర్మాణ మండలికి, పేరూరు చెరువు భూమిని దేవస్థానానికి ఇళ్ల కోసం 1990ల మొదటి సగంలో ప్రభుత్వం ఇచ్చింది. కొందరు మేధావులు కలిసి పోరాడారు. 2006లో సుప్రీంకోర్టు, చెరువులాంటి వనరులకు ప్రభుత్వం ధర్మకర్త మాత్రమేనని చెప్పి, అక్కడ కొత్త కట్టడాలు కట్టవద్దని ఆదేశించింది. అప్పటికే లేచిన ఇళ్లను మాత్రం పడగొట్టమనలేదు. ఆ దారిన బస్సులో పోతున్నప్పుడు ఎక్కడ చెరువు, ఎక్కడ ఊరు అని నేను వెతుక్కుంటాను. తీర్పు గెలిచినా నీళ్లు వాటంతట అవి తిరిగి రావు.

మూడవది 2011 జనవరి 28 నాటిది. పంజాబ్‌లో పాటియాలా జిల్లాలోని ఒక గ్రామం చెరువును కొందరు పూడ్చి ఇళ్లు కట్టుకుంటే, డబ్బు కట్టించుకుని వారికే ఇచ్చేద్దామని అక్కడి కలెక్టరు అన్నాడు. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. దేశంలోని అన్ని రాష్ట్రాలు ఊరుమ్మడి భూముల నుంచి ఆక్రమణలు తీయించాలని చెప్పింది. ఆ తీర్పులో మనం ప్రత్యేకంగా గుర్తు పెట్టుకోవలసినది చివరలో ఉంది. క్రమబద్ధీకరణ అరుదైన సందర్భాలలోనే ఉండాలని, భూమిలేని కూలీలకో, ఎస్సీ ఎస్టీలకో ప్రభుత్వ ఉత్తర్వు కింద ఇచ్చిన చోటు, లేదా బడి, ఆసుపత్రిలాంటిది ఉన్న చోటు అలాంటి సందర్భమని చెప్పింది. ఆక్రమణల తొలగింపు పేరుతో ముందు మన వాడల మీదికే వస్తారు గనుక ఈ వాక్యం నోటికి వచ్చి ఉండాలి.

హైదరాబాదులో ఉద్యోగాలు చేస్తున్న మన పాత విద్యార్థులు 2025 మార్చి, ఏప్రిల్ నెలల్లో కంచ గచ్చిబౌలిలో జరిగింది కళ్లారా చూసే ఉంటారు. విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని ఉన్న 400 ఎకరాలు తనవేనని తెలంగాణ ప్రభుత్వం అన్నది. ప్రభుత్వానిదే అయితే చెట్లు కొట్టి వేలం వేయవచ్చా అని విద్యార్థులు అడిగారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపింది. అక్కడ విద్యార్థులు అడిగింది ఈ వ్యాసం మొదట్లో నేను వేసిన ప్రశ్నే.

చట్టం మారింది, ఆసామి వచ్చాడు

ఆంధ్రప్రదేశ్‌లో 2023లో 1977 చట్టాన్ని సవరించారు. సాగు భూమి ఇచ్చి ఇరవై ఏళ్లు నిండితే అసలు పట్టాదారుకో, వారసులకో అమ్ముకునే హక్కు వస్తుందన్నారు. ఇది మంచిదా చెడ్డదా అని మా క్లాసులో రెండు రోజులు వాదించుకున్నాం. పక్క రైతుకు ఉన్న హక్కు మనకెందుకు ఉండకూడదు, ఎప్పటికీ మైనరు పిల్లల్లాగే చూస్తారా అని ఒక మిత్రుడు అన్నాడు. అది కాదనలేని మాట. కానీ హక్కు వచ్చిన మరునాడు ఎవరు ఎవరి గడప తొక్కుతారో కూడా చూడాలి కదా.

మా గడప తొక్కింది ఆ ఆసామే. ఇద్దరు మనుషులను వెంటబెట్టుకుని వచ్చి, "ఏమప్పా, లక్ష ఇస్తా. రిజిస్ట్రారాఫీసుకు వచ్చి ఒక సంతకం పెట్టిపో" అన్నాడు. ఇరవై ఏళ్లుగా ఆ భూమి తనదే అనుకున్నవాడికి నాయన సంతకం ఎందుకు కావలసి వచ్చింది? నాయనకు కూడా అదే అనిపించిందట. "నా సంతకానికి ఇంగా విలువుందంట్రా" అని రాత్రి ఫోన్‌లో నాతో అన్నాడు. ఆసామికి మాత్రం, "మావోడు సదువుకున్యాడన్నా, వాణ్ణి అడిగి చెప్తా" అని చెప్పి పంపించాడు.

వారం రోజులలో మేము 4వ సెక్షన్ కింద తహశీల్దారుకు అర్జీ పెట్టాం. తరువాత 2024లో ప్రభుత్వం మారింది. అలా స్వేచ్ఛ ఇచ్చిన భూముల రిజిస్ట్రేషన్లలో అక్రమాలు జరిగాయని వాటిని నిలిపి విచారణకు ఆదేశించారు. ఆ ఏడాది జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయంలో మంటలు లేచి భూముల ఫైళ్లు కాలిపోయాయి. ఆ వార్త చదివినాక మా అర్జీ నకలును మూడు చోట్ల దాచాను.

ఇప్పుడు ఆసామి తరపు వాదన ఏమంటే, ఇరవై ఏళ్లు దాటింది గనుక ఇది ఇక అసైన్డ్ భూమే కాదు, నిషేధమే లేదు అని. మా వాదన ఏమంటే, 2003లో జరిగిన అమ్మకం ఆ రోజునే చెల్లలేదు, చెల్లని దానికి తరువాత ప్రాణం రాదు, 2023 సవరణ వల్ల ఏ హక్కు వచ్చినా అది పట్టాదారు వారసుడైన నాయనకే రావాలి అని. ఎవరిది నిలబడుతుందో విచారణలో తేలాలి. మొదటి వాయిదాలో, అమ్మినావా అని అధికారి అడిగితే నాయన, "అమ్మినా సార్. అమ్మకూడదని తెల్దు" అన్నాడు. అబద్ధం చెప్పమని నేను చెప్పలేదు, చెప్పినా ఆయన చెప్పడు.

ఏ కాగితాలు చూడాలి?

సెలవులకు ఇంటికి పోయినప్పుడు పెట్టె తీసి చూడండి. పట్టా కాగితం మీద తేదీ, సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు, వెనక షరతులు ఉంటాయి. అసలు దొరకకపోతే భయపడకండి, ఎవరెవరికి ఇచ్చారో రాసే అసైన్‌మెంటు రిజిస్టరు మండలాఫీసులో ఉండాలి. అడంగల్‌లో సాగుదారు గడిలో ఎవరి పేరు ఉందో, 1-బి లో పట్టాదారుగా ఎవరి పేరు ఉందో చూడండి. ఈ రెండు పేర్లు వేరుగా ఉంటే అక్కడ ఏదో కథ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో మీభూమి వెబ్‌సైటులో ఇవి కనిపిస్తాయి. తెలంగాణవాళ్లకు 2020 అక్టోబరు 29 నుంచి ధరణి ఉండేది, 2025 ఏప్రిల్ 14 నుంచి దాని స్థానంలో భూభారతి వచ్చింది. వాళ్లు పాత పహాణీల నకళ్లు కూడా తీసుకోవాలి, ఎందుకంటే కంప్యూటరులో లేనిది పహాణీలో దొరకవచ్చు.

అన్నిటికంటే పాతది ఆర్.ఎస్.ఆర్., అంటే రీసెటిల్‌మెంట్ రిజిస్టరు. అందులో పట్టాదారు పేరు ఉండవలసిన చోట కొన్ని సర్వే నంబర్లకు ఏ పేరూ రాయకుండా చుక్కలు పెట్టి వదిలేశారు. వందేళ్ల కిందట ఎవరో గుమాస్తా పెట్టిన చుక్కల వల్ల రైతుల భూములు రిజిస్ట్రేషన్ కాక ఆగిపోతే, వాటికోసం 2017లో చుక్కల భూముల చట్టమే చేయాల్సి వచ్చింది. 22-ఎ జాబితా అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా. మీ భూమి అందులో ఎందుకు చేరిందో తెలియకపోతే అడిగే హక్కు మీకుంది. మాటలతో అడిగితే రేపు రమ్మంటారు. సమాచార హక్కు చట్టం కింద కాగితం మీద అడగండి. మండల స్థాయిలో ఫీజు 5 రూపాయలు, తెల్ల రేషన్ కార్డు నకలు జతచేస్తే అదీ అక్కరలేదు.

ఎఫ్.ఎం.బి. కూడా తీసుకోండి. అది సర్వే నంబరు పటం. ఏ మూలన ఏ రాయి ఉందో, రాయికీ రాయికీ ఎంత దూరమో అందులో ఉంటుంది. మన హాస్టల్ స్థలానికి ఎఫ్.ఎం.బి. నకలు తీయించి ఆఫీసు గదిలో గోడకు తగిలించమని వార్డెన్ సార్‌కు చెప్పాను, సరేనన్నారు. కుళాయిల వెనక రాయిని మాత్రం తమ్ముళ్లు బట్టల కోసం కదిలించవద్దు.

వచ్చే వాయిదాకు మా చేనికి సర్వేయరు వస్తున్నాడు. పటం ప్రకారం ఈశాన్యం మూలన ఒక రాయి ఉండాలి, చేనులో ఎక్కడా కనిపించడం లేదు. అది మూడవ వరస మామిడి చెట్టు కింద ఉందని నాయన అంటున్నాడు. గుంతలు తవ్విన రోజున ఆయన గడ్డపారకే తగిలిందట, ఆసామి పూడ్చెయ్యమంటే తనే మన్ను కప్పాడట. బెంగుళూరు నుంచి వచ్చేటప్పుడు అదే గడ్డపార తెస్తానని చెప్పాడు.